సమ్మెట జారిన రోజు

ఆ ఇనుప యార్డులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. సమ్మెటక్క అంటేనే పలికేది. పాత లారీ ఇంజన్లు, మూలపడ్డ మోటార్లు, గోదాముల నుంచి ఊడబెరికిన ఇనుప తలుపులు అక్కడికొచ్చి పడతాయి. వాటిని పగలగొట్టి రాగి ఒక పక్క, ఇత్తడి ఒక పక్క, ఇనుము ఒక పక్క పోగెయ్యడం పని. మగవాళ్ళు కొట్టి కొట్టి వదిలేసిన గేరుబాక్సు దగ్గరికి ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని వచ్చేది. "నీ మొహం మండ!" అని ఒక్క తిట్టు తిట్టి సమ్మెట ఎత్తేది. ఆ తిట్టుకే సగం పగులుతుందని, మిగతా సగమే సమ్మెట పని అని తోటివాళ్ళ వేళాకోళం.

ఆమె తండ్రి పనిచేసిందీ అదే యార్డులో. కొడుకుని బడికి పంపి, కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. "వాడికి బుర్రుంది, దీనికి కండుంది" అనేవాడు. ఆ తండ్రి ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ తీస్తూనే మూతి వంకరపోయి పక్కకి ఒరిగిపోయాడు. ఏదో గాలి సోకిందన్నారు. పొద్దుగూకకముందే పోయాడు. ఆయన సమ్మెట ఆమె చేతికొచ్చింది.

పెళ్ళయితే అయింది కానీ నిలవలేదు. మొగుడు వదిలేశాడని లోకం అంటుంది. వాడి ముందుపళ్ళు రాలగొట్టి తనే వదిలేశానని ఆమె అంటుంది. అప్పట్నుంచీ అన్న ఇంట్లోనే ఉంటోంది. మూడో అంతస్తు, ఎప్పుడూ చెడిపోయి ఉండే లిఫ్టు. అన్న ఒక కంపెనీలో ఆఫీసరు. వదిన హైస్కూల్లో సైన్సు టీచరు. వదినకీ ఆమెకీ ఉప్పూ నిప్పూ. యార్డు గ్రీజు గచ్చు మీద పడిందని వదిన గొణిగితే, గచ్చునే నాలుకతో నాకి పెట్టనా అని ఆమె అరిచేది. చెల్లెలు ఇనుము కొడుతుందని అన్న ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం పూట ఆమె అప్పుడప్పుడు తాగి వస్తుందన్న సంగతి అసలే చెప్పలేదు.

ఆ ఏడాది మొదట్లో ఒక ఆదివారం అన్న అన్నం తింటుంటే చేతిలోని గ్లాసు జారిపోయింది. నీళ్ళు అడగబోయి ఏదో నత్తినత్తిగా గొణిగాడు. వదిన కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"ఏమండీ, ఒకసారి నవ్వండి."

అన్న నవ్వాడు. సగం మూతే కదిలింది. వదిన కెవ్వున అరిచింది. సమ్మెటక్క ఏమిటని అడగలేదు. అన్నని బియ్యం బస్తాలా భుజాన వేసుకొని మెట్లు దిగింది. దారికడ్డంగా ఎవరిదో మోటారుసైకిలుంటే తన్ని పడేసింది. కింది వాటా ఆయన కారు తియ్యడానికి నసుగుతుంటే మెడ పట్టుకొని గోడకి నొక్కింది. ఆయన తాళాలు వెతకనక్కర్లేకుండానే దొరికాయి.

వేళకి చేరారు. ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ వారంలోనే అన్న తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికొచ్చాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడే, వరండాలో ఆమె వదినని అడిగింది.

"అన్నకేమైంది వదినా? నాన్నకీ అచ్చం ఇలాగే..."

"అబ్బ, నీకు చెప్పినా అర్థం కాదులే. వెళ్ళి టీ పట్రా."

ఆమె వెళ్ళి టీ తెచ్చింది. తర్వాత చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ అన్న స్ట్రోకు అనీ క్లాటు అనీ విండో పీరియడ్ అనీ గంటల తరబడి చెప్పేవాడు. టీ గ్లాసులు అందిస్తూ ఆమె వినేది. అర్థం కాని మాటలు వింటే నిద్రొస్తుందని వంటింట్లోకి పోయేది.

కొన్నాళ్ళుగా ఆమెకి తలనొప్పి. తలకి గుడ్డ బిగించి కట్టుకొని పనికి పోతోంది. "ఇనుప మోతకి తలనొప్పి రాక, తల్లో పూలు పూస్తాయా" అని తనే నవ్వేది. మందుల కొట్టువాడు బిళ్ళలిచ్చాడు. నోట్లో వేసుకొని మర్చిపోయింది.

యార్డులో మేస్త్రీ ఒకడున్నాడు. ఆడవాళ్ళ మీద చెయ్యి వేసే రకం. కొత్తగా చేరిన ఒకామెని అందరూ బక్కమ్మ అనేవాళ్ళు, గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉండేది. ఆమెని మేస్త్రీ కాటా వెనకాల గోడకి నొక్కిపెట్టాడు. సమ్మెటక్క చూసింది. చొక్కా కాలరు పట్టి వాణ్ణి యార్డు నడిమధ్యకి ఈడ్చుకొచ్చింది.

"ఇంకోసారి దాని మీద నీ చెయ్యి పడిందో, ఈ సమ్మెటతో నీ కాలు నుజ్జు చేస్తా. అందరూ వినండి, చెప్పి మరీ చేస్తా!"

అందరూ విన్నారు. అదే ఆమె కొంప ముంచింది.

మర్నాడు పొద్దున్నే కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. విదిలించుకుంది. ఒక పంపు మోటారు పగలగొట్టాలి. ఎక్కడ కొడితే రాగి చెడకుండా వస్తుందో మేస్త్రీ వంగి వేలితో చూపించి లేచాడు. నిన్నటి అవమానం వాడి మొహంలో ఇంకా అలాగే ఉంది. ఆమె సమ్మెట ఎత్తింది. పైకి లేచిందాకా బాగానే ఉంది. అక్కడ, తల మీద, ఆమె కుడిచెయ్యి ఆమెది కాకుండా పోయింది. పిడి ఎటు పోయిందో తెలియలేదు. సమ్మెట ఒక్కటే దిగింది.

మేస్త్రీ పాదం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇనుప మోతలో కూడా వినబడింది. చెప్పులోంచి రక్తం ఉబికింది. వాడు కుప్పకూలి పొలికేక పెట్టాడు.

అయ్యో, చెయ్యి జారిందిరా అనాలనుకుంది. మాటలన్నీ గొంతులో వరసగా నిలబడే ఉన్నాయి. నోరు తెరిస్తే "బ... బల... బ" అని వచ్చింది. ఆమెకే భయమేసింది.

"పొద్దున్నే తాగొచ్చిందిరా ముండ! కాలు విరగ్గొడతానంది, విరగ్గొట్టింది! చంపండ్రా దాన్ని!" అని మేస్త్రీ నేల మీదనుంచే అరిచాడు.

వాడి బావమరిది రబ్బరు గొట్టం తీసుకొచ్చాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది చెవి మీద. తిరగబడదామంటే కుడికాలు కింద నేల ఉందో లేదో తెలియడం లేదు. పడుతూ పడుతూ ఎడమచేత్తో వాడి గొంతు పట్టుకుంది. వాడి కళ్ళు తేలేశాయి. ఇంకొకడు వెనకనుంచి ఇనుప గొట్టంతో నెత్తి మీద కొట్టాడు. వేడిగా ఏదో కళ్ళలోకి కారింది. కడుపులో తన్నారు. పక్కటెముకల్లో తన్నారు. ఆమె దెబ్బలకి ముడుచుకునే మనిషి కాదు, కానీ ఆ రోజు శరీరంలో సగం మాట వినలేదు. కుడిపక్క ఒక గోనెసంచిలా పడి ఉంది. దాని మీద పడ్డ దెబ్బలు ఎక్కడో పక్కింట్లో ఎవరికో తగులుతున్నట్టున్నాయి.

బక్కమ్మ ఏడుస్తూ అడ్డం పడింది. ఆమెకీ రెండు తగిలాయి. సమ్మెటక్క తలని ఒళ్ళో పెట్టుకొని, ఏడుపు మధ్యలోనే గర్వంగా అంది. "అన్నంత పనీ చేశావక్కా! నా కోసం చేశావు!"

కాదే, చెయ్యి పోయిందే అని ఆమె చెప్పాలనుకుంది. "బల" అంది.

యార్డు యజమాని పోలీసులని పిలిచాడు. స్టేషన్లో ఆమెని ఈడ్చుకుపోయి కటకటాల వెనక పడేశారు. చీర తడిసిపోయింది. చొంగ కారుతోంది. "ఇంత తాగి ఎలా నిలబడిందిరా నాయనా" అని ఒక కానిస్టేబులు ముక్కు మూసుకున్నాడు. బక్కమ్మ వెంటే వచ్చి ఎస్సై ముందు చేతులు కట్టుకొని నిలబడింది. అక్కని కాపాడదామనే వచ్చింది పాపం.

"ఆడు నన్ను పట్టుకున్నాడు సార్. నిన్న అక్క కాలు విరగ్గొడతానని చెప్పింది. చెప్పినట్టే చేసింది. నా కోసమే సార్."

"అయితే కావాలనే కొట్టిందన్నమాట" అని ఎస్సై రాసుకున్నాడు.

ఆమె అన్నీ వింటోంది. ఒక్క ముక్క వదలకుండా అర్థమవుతోంది. అదే నరకం. బతికుండగానే పాడె మీద పడుకోబెట్టి, ఎవరెవరు ఏమంటున్నారో వినమన్నట్టుంది.

ఎప్పటికో అన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు. అన్నని చూడగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. అన్నకి తెలుసు. ఇది అన్నకి వచ్చిందే. ఆ ఆదివారం చేతిలో గ్లాసు జారింది, మాట తడబడింది, వదిన నవ్వమంది, సగం మూతి కదిలింది. దాని పేరేమిటో ఆమెకి తెలియదు, కానీ అది ఇదే. ఎలా చెప్పాలి? మాట లేదు. ఒక్కటే దారి తోచింది. ఊచల దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, తల ఎత్తి, అన్న కళ్ళలోకి చూస్తూ నవ్వింది. అన్నయ్యా, చూడు, సగమే నవ్వుతున్నాను, చూడు.

అన్న మొహం నల్లబడింది.

"నవ్వుతున్నావా? సిగ్గులేదూ? మనిషి కాలు చితక్కొట్టి, ఒంటి మీద స్పృహ లేకుండా తాగి, పైగా నవ్వుతున్నావా?"

ఊచల మధ్యనుంచి చెయ్యి పోనిచ్చి చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆమె వెనక్కి పడింది. అంతకుముందు పడ్డ దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. యార్డులో ఆమె ఏడవలేదు. ఇక్కడ ఏడ్చింది, అదీ ఒక కంటితోనే.

అన్న వరండాలోకి పోయి వదినకి ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నా ఆమెకి వినబడుతూనే ఉంది. "తాగి పడుంది... నలుగురిలో తల ఎత్తుకోలేకుండా చేసింది. మాట్లాడవే అంటే బ బ అంటుంది. మూతి వంకరగా పెట్టి నవ్వుతోంది నన్ను చూసి... ఏంటి? ఏ పక్కకా?"

అటునుంచి వదిన అరుపు ఫోనులోంచి గది దాకా వచ్చింది. అన్న తిరిగి కటకటాల దగ్గరికి వచ్చినప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెల్లీ... చేతులు ఎత్తు. రెండూ ఎత్తమ్మా."

ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి గచ్చు మీద చచ్చిన చేపలా పడి ఉంది. అన్న తలని ఊచలకేసి కొట్టుకున్నాడు, మళ్ళీ కొట్టుకున్నాడు, కానిస్టేబులు వచ్చి లాగేదాకా.

వదిన బడి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. చేతులకి సుద్ద, చెప్పు ఒకటే. ఎస్సై కేసు పూర్తిగా రాయకుండా పంపడం కుదరదన్నాడు. పైవాళ్ళకి చెప్పాలన్నాడు. ఎదురుగా ఉన్న కుర్చీ ఎత్తి వదిన అతని బల్ల మీద అద్దం భళ్ళున పగలగొట్టింది. గాజుముక్క చేతిలో దిగింది. ఆ రక్తపు చెయ్యే చాపింది.

"ఇది కూడా రాసుకో. నా మీద ఎన్ని కేసులు కావాలంటే అన్ని రాసుకో. ముందు తాళం ఇవ్వు. అది చచ్చిందంటే నీ లాకప్పులో చచ్చిందని బడి పిల్లలందరినీ తీసుకొచ్చి నీ గుమ్మంలో కూచోబెడతా."

తాళం వచ్చింది. అన్న సాయం పట్టబోతే వదిన మోచేత్తో తోసేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని ఎన్నడూ మీరు అనకుండా మాట్లాడని మనిషి.

"ముట్టుకోకు! నీ మూతి వంకరపోతే అది నిన్ను భుజాన వేసుకుని దిగింది. దాని మూతి వంకరపోతే నువ్వు చెంప పగలగొట్టావు. భుజాలు నేను పడతా. నువ్వు కాళ్ళు పట్టుకో, చాలు."

పోలీసు కేసు కాబట్టి పెద్దాసుపత్రికే తీసుకుపోవాలన్నారు. అక్కడ డ్యూటీ డాక్టరు నెత్తి మీది గాయం చూసి కుట్లు వెయ్యమన్నాడు. "తాగుడు దిగాక చూద్దాం" అన్నాడు. నర్సు అడిగింది, "మీ ఇంట్లో పనిచేస్తుందా అమ్మా?"

"నా ఆడబిడ్డ" అంది వదిన. తర్వాత డాక్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో గడగడా ఏదో అంది. డాక్టరు చూపు అప్పుడు గాయం మీదనుంచి మొహం మీదికి వచ్చింది. చెయ్యి ఎత్తి వదిలి చూశాడు, కాలు ఎత్తి వదిలి చూశాడు. పరుగులు అప్పుడు మొదలయ్యాయి. ఆ ఇంగ్లీషు ముక్కలు తనకి రాకనే ఇప్పటిదాకా ఇలా పడి ఉన్నానని సమ్మెటక్కకి స్ట్రెచర్ మీద తెలిసింది.

స్కాను అయ్యాక డాక్టరు వదినని పక్కకి పిలిచాడు, కానీ మంచం పక్కనే.

"మెదడులో రక్తం గడ్డ అడ్డం పడింది. చెయ్యి జారినప్పుడే మొదలైంది. వెంటనే తెచ్చుంటే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు టైం దాటిపోయింది. దాటకపోయినా, తల మీద ఇన్ని దెబ్బలుంటే ఇవ్వలేం. లోపల నెత్తురు కారుతుంది. బీపీ ఎన్నాళ్ళుగా ఉందో ఏమో, ఎవరూ చూడలేదా?"

వదిన మంచం మీది దుప్పటి సరిచేసింది.

ఆమె బతికింది. కుడిచెయ్యి పోయింది, కుడికాలు ఈడుస్తుంది. మాటల్లో ఒక్కటే మిగిలింది. ఒక పొద్దున నర్సు పక్క మార్చడానికి అటూ ఇటూ దొర్లిస్తుంటే, గొంతులోంచి స్పష్టంగా, ఒక్క అక్షరం తప్పకుండా వచ్చింది. "నీ మొహం మండ!" నర్సు బెదిరిపోయింది. వదిన పకపకా నవ్వి, అదే ఊపులో భోరుమంది. కొందరికి మాటంతా పోయినా తిట్లు మిగులుతాయని డాక్టరు చెప్పాడు. ఆనాటినుంచీ నీళ్ళు కావాలన్నా అదే, ఆకలేసినా అదే, చాలన్నా అదే. స్వరాన్ని బట్టి ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకోవాలి. వాంగ్మూలం కోసం ఎస్సై ఇంటికొచ్చి, "అమ్మా, సమ్మెట కావాలని వేశావా, జారిందా?" అంటే అతనికీ అదే జవాబు. అతను కలం మూసుకున్నాడు. డాక్టరు మాటతో ఆమె మీద కేసు పోయింది. ఆమెని కొట్టినవాళ్ళ మీద వదిన పెట్టిన కేసు మాత్రం నడుస్తూనే ఉంది. మేస్త్రీకి రెండు కాలివేళ్ళు తీసేశారు.

ఒక మధ్యాహ్నం బడి లేని రోజున వదిన మంచం దగ్గర కుర్చీ వేసుకుంది. మెదడు అంటే ఏమిటో, రక్తం ఎలా పోతుందో, గొట్టం పూడితే నీళ్ళు రాని కుళాయిలా ఆ భాగం ఎలా ఎండిపోతుందో, తండ్రికి వచ్చింది గాలి కాదనీ ఇదేననీ, తలనొప్పి ఎందుకొచ్చిందో, అన్నీ చెప్పింది. టీ గ్లాసు చల్లారేలోపే చెప్పడం అయిపోయింది. ఆమెకి అంతా అర్థమైంది. అర్థం కానిదేమీ లేదు అందులో.

"ఇంకోటి కూడా చెప్పాలి" అంది వదిన, తల వంచుకొని. "మీ అన్నని చూసిన డాక్టరు అప్పుడే చెప్పాడు, ఈయన చెల్లెలికి కూడా బీపీ చూపించండి అని. సరేనన్నా. తర్వాత... నేనే మర్చిపోయానే."

సమ్మెటక్క ఎడమచెయ్యి లేచింది. ఇన్నేళ్ళు ఇనుము కొట్టిన చెయ్యి అది. వదిన కుర్చీతో సహా పడింది. పెదవి చిట్లి, గడ్డం మీద నెత్తురు కారింది. వదిన లేచి, కుర్చీ నిలబెట్టుకొని, మళ్ళీ అక్కడే కూచుంది. తుడుచుకోలేదు. ఇంకోటి కొడుతుందేమోనని చూసింది. ఆమె కొట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రమే బక్కమ్మ వచ్చింది. యార్డు మానేసి ఇంకెక్కడో పనికి కుదిరానంది. వదిన వాచిన పెదవితోనే ఆమెకి కూడా అంతా మొదటినుంచి చెప్పింది. బక్కమ్మ అంతా విని మంచం అంచున కూచుంది. తర్వాత మెల్లిగా అడిగింది.

"అయితే... నా కోసం కాదా అక్కా?"

సమ్మెటక్కకి ఏమని చెప్పాలో తెలియలేదు. మాటలున్నా తెలిసేది కాదేమో. చెయ్యి దానంతట అదే పడింది నిజమే, కానీ పడకపోయుంటే తను వెయ్యకుండా ఉండేదా? ఎడమచేత్తో బక్కమ్మ జుట్టు పట్టి దగ్గరికి లాక్కుంది. నొప్పికి ఆమె "అబ్బా" అంటున్నా వదల్లేదు.

వదినతో పోట్లాట మళ్ళీ మొదలైంది. ఒక తిట్టుతోనే అయినా సాగించేది. అన్నతో అది కూడా లేదు. అన్నం ఆయన పెడితే తినదు. ఆయన గదిలోకొస్తే కళ్ళు మూసుకుంటుంది. రోజూ మెట్లు దిగి ఎక్కమని డాక్టరు చెప్పాడు. ఆమె గోడ పట్టుకొని ఒక్కొక్క మెట్టే దిగేది. అన్న ఆమెకన్నా కింద, వెనక్కి వెనక్కి దిగుతూ, రెండు చేతులూ చాపి ఉండేవాడు. ముట్టుకునేవాడు కాదు.

ఒక పొద్దున కుడికాలు మడత పడింది. పడబోయింది. అన్న పట్టేసుకున్నాడు. ఒంటి మీద ఆ చెయ్యి పడగానే ఆమె నుదుటితో ఆయన మొహం మీద గుద్దింది, పళ్ళు నూరుతూ మళ్ళీ గుద్దింది. ముక్కు బద్దలై ఆయన చొక్కా ఎర్రబడింది. ఆయన పట్టు వదల్లేదు. ఆమెని మెట్టు మీద కూచోబెట్టాకే వదిలాడు. తనూ కింది మెట్టు మీద కూలబడి ముక్కు పట్టుకున్నాడు. ఇద్దరూ రొప్పుతున్నారు. పై వాటావాళ్ళు తలుపు తీసి, చూసి, మూసుకున్నారు.

కాసేపటికి ఆమె ఎడమచేత్తో తన చీర చెంగు అన్న ఒళ్ళోకి విసిరింది. ఆయన దాంతో ముక్కు అదుముకున్నాడు. ఆమె గోడ పట్టుకొని లేచింది. కింద ఇంకా చాలా మెట్లున్నాయి. చెంగు ఆయన చేతిలోనే ఉంది కనక ఆయన కూడా లేవాల్సి వచ్చింది.